గాజుపెట్టెలో చంకకర్ర

నేను ఒక చంకకర్రను. ఇప్పుడు జర్మనీలో, ఒక విశ్వవిద్యాలయం రెండో అంతస్తులో, గాజుపెట్టెలో ఉంటున్నాను. నా పక్కన ఒక చీటీ అతికించారు. వచ్చినవాళ్ళు ముందు చీటీ చదువుతారు, తర్వాత నన్ను చూస్తారు, మళ్ళీ చీటీ చదువుతారు. రాసిన వైపు నాకు కనబడదు కాబట్టి దానిలో ఏముందో నాకు తెలియదు. నా గురించి నాకు తెలిసింది నేను చెబుతాను.

నాది వేపకర్ర. పుట్టింది నల్లగొండ జిల్లాలో, ఎర్రమట్టి చేల మధ్య ఉన్న ఒక ఊళ్ళో. ఆ ఊరి బోరు నీళ్ళలో ఫ్లోరైడు ఎక్కువ. ఆ నీళ్ళు తాగి చాలామంది పిల్లల కాళ్ళు వంకర తిరిగాయి. వాళ్ళ కోసం ఒక స్వచ్ఛంద సంస్థ అక్కడ రెండు గదులు అద్దెకు తీసుకుంది. ఒకటి ఆఫీసు. రెండోదానిలో సోమాచారి అనే వడ్రంగి చంకకర్రలు చేసేవాడు.

సోమాచారి టేపు పెట్టి కొలిచేవాడు కాదు. గది ముందు ఇసుక పోయించి, పిల్లలను దాని మీద నడవమనేవాడు. వాళ్ళు నడిచాక ఇసుక ముందు గొంతుకూర్చుని చాలాసేపు చూసేవాడు. ఏ పాదం ఎంత దిగింది, ఏది ఈడ్చుకుపోయింది, ఎక్కడ పడబోయి ఆగింది, అన్నీ అక్కడే చదువుకునేవాడు. ఆ తర్వాతే కర్ర చెక్కే బాడిస పట్టుకునేవాడు.

నన్ను చేసింది పారిజాత కోసం. అప్పుడు ఆమెకు తొమ్మిదేళ్ళు. గోడ పట్టుకుని నిలబడింది గానీ, అందరూ చూస్తుంటే అడుగు వేయలేదు. సోమాచారి అందరినీ పంపేసి, తాను కూడా అటు తిరిగి కూర్చున్నాడు.

"నేను సూస్తలేను బిడ్డా. నువ్వు నడువు. నువ్వు పొయినంక ఇసుకను సూస్త."

ఆమె నడిచింది. ఆ గుర్తులను బట్టి నన్ను చెక్కాడు. అందుకే నేను మిగతా కర్రల్లా నిటారుగా ఉండను. నా కింది భాగం కొంచెం బయటికి వంగి ఉంటుంది. నన్ను వేరేవాళ్ళు చంకలో పెట్టుకుంటే రెండడుగుల్లో పడిపోతారు. అడుగున సైకిల్ టైరు ముక్క కొట్టాడు. చంక కింద ఒరుసుకోకుండా పారిజాత తల్లి సత్తెమ్మ తన పాత చీర చింపి చుట్టింది.

అంతకుముందు సత్తెమ్మే కూతురిని చంకనెత్తుకుని బడికి తీసుకుపోయేది. పత్తి ఏరడానికి కూలి దొరికిన రోజు పారిజాతకు బడి ఉండేది కాదు. కూలి దొరకని రోజు బడి ఉండేది, అన్నం తక్కువుండేది. నేను వచ్చాక ఆ చిక్కు తప్పింది. బడి కిలోమీటరున్నర దూరం. మొదట్లో ఆమె నా మీద సగం బరువే వేసేది, నన్ను నమ్మేది కాదు. నెల తిరిగేసరికి మొత్తం బరువు వేసింది. ఒక కర్రకు అంతకంటే కావలసిందేమీ లేదు.

పిల్ల ఎదుగుతుంది, కర్ర ఎదగదు. అందుకని ఆరు నెలలకోసారి ఆమె మళ్ళీ ఇసుక మీద నడిచేది. సోమాచారి నా అడుగున వేలెడు కర్ర అతికేవాడు. ఒక్కోసారి వంపు కూడా మార్చేవాడు, ఎందుకంటే ఆమె ఎముకలు ఊరికే ఉండలేదు, కొత్తగా వంగుతూ వచ్చాయి. అలా తొమ్మిదో తరగతికి వచ్చేసరికి నాకు చాలా అతుకులు పడ్డాయి. పది పాసై, పైచదువు చదివి, కుర్చీలో కూర్చుని చేసే ఉద్యోగం తెచ్చుకోవాలని ఆమె కోరిక. ఆ మాట ఆమె ఒక్క వినోదతోనే చెప్పింది.

వినోద ఆ సంస్థలో ఐదేళ్ళు పనిచేసింది. పారిజాతను బడిలో చేర్పించింది కూడా తనే. తర్వాత హైదరాబాదులో సోషల్ వర్క్ పీజీలో చేరింది. అక్కడి నుంచి ఒక ఏడాది జర్మనీలో చదివే అవకాశం వచ్చింది. సేవాసంస్థలను ఎలా నడపాలన్నదే ఆ చదువు. సేవకు కూడా పరీక్షలుంటాయని నాకు అప్పుడే తెలిసింది. అక్కడ క్లాసులో చూపించడానికి తమ సంస్థ చేసే వస్తువు ఒకటి తెచ్చుకోమన్నారట. వినోద కొత్త కర్ర ఒకటి తీసుకుంటే, సంస్థ పెద్ద దామోదర్ సార్ వద్దన్నాడు.

"కొత్తది బజార్ల కొన్నట్టుంటదమ్మా. వాడింది తీస్కపో. అరిగిన కర్రను సూస్తెనే వాళ్ళు నమ్ముతరు."

వినోద వచ్చి అడిగింది. పారిజాత కాదనలేదు. బడిలో చేర్పించిన అక్క అడిగితే ఏ పిల్ల కాదంటుంది? సోమాచారి మూడు రోజుల్లో వేరేది చేసిచ్చాడు. అది నాకంటే బాగా కుదిరిందని విన్నాను. సంతోషించాల్సిన మాటే. కానీ అంత సంతోషం కలగలేదు.

విమానాశ్రయంలో ఒక వింత జరిగింది. వినోద చేతిలో నన్ను చూసి, అక్కడి ఉద్యోగి పరుగున పోయి చక్రాల కుర్చీ తెచ్చాడు. వినోద కొత్తవాళ్ళ ముందు నోరు విప్పలేని మనిషి. తన కాళ్ళు బాగానే ఉన్నాయని చెప్పడానికి సిగ్గుపడి, కుర్చీలో కూర్చుంది. విమానం దాకా అలాగే తోసుకుపోయారు. దారి పొడుగునా జనం జరిగి చోటిచ్చారు. ఆమె తల దించుకుని నన్ను గట్టిగా పట్టుకుంది. పారిజాత కోసం అలా ఎవరూ పక్కకు జరగగా నేను చూడలేదు.

క్లాసులో నన్ను ఒకరి చేతి నుంచి ఒకరు అందుకుని చూశారు. అతుకుల మీద వేళ్ళు పెట్టి, ఎంత అందంగా ఉన్నాయో అన్నారు. ఒకతను నన్ను చంకలో పెట్టుకుని నడవబోయి, బల్ల పట్టుకుని ఆగాడు. అందరూ నవ్వారు. వాళ్ళు చెడ్డవాళ్ళు కాదు. ప్రపంచంలోని కష్టాలన్నీ తీరాలని నిజంగానే కోరుకునేవాళ్ళు. తీరడానికి ఎన్నేళ్ళు పడుతుందో గోడ మీద గీతలు గీసి చూపించేవాళ్ళు.

చలికాలం మొదలైన ఒక రోజు ఉర్సులా అనే ప్రొఫెసర్ అందరికీ రంగుకాగితాలు పంచింది. మీ సంస్థ చేసే పనులు ఒక్కో కాగితం మీద ఒక్కోటి రాయండి, ఇప్పటికంటే పది రెట్లమందికి అందించలేని పని ఏదో దాన్ని చెత్తబుట్టలో వేయండి అంది. వినోద ఐదు కాగితాలు రాసింది. నాలుగు పక్కన పెట్టి, ఐదోది చేతిలో పట్టుకుని కూర్చుంది. అది సోమాచారి గది.

ఉర్సులా వచ్చి పక్కన కూర్చుని మెల్లగా అడిగింది. మీ వడ్రంగి నెలకు ఎంతమందికి చేస్తాడు? ఎనిమిదిమందికి, అంది వినోద. చుట్టుపక్కల ఊళ్ళలో కర్ర కావలసినవాళ్ళు ఎంతమంది? వినోద చేతిలోని కాగితాన్ని మడిచింది. మరి ఆ మిగిలినవాళ్ళకు మీరేం చెబుతారు?

అది తప్పు ప్రశ్న కాదు. నేను కూడా దానికి జవాబు చెప్పలేను. నేను ఒక్క పిల్లకు చేసిన కర్రను. ఇసుక సంగతి చెబుతుందేమోనని వినోద నోటివైపు చూశాను. ఆమె కాగితం బుట్టలో వేసింది.

ఆ రోజు నుంచి ఆమె ఒక పథకం రాయడం మొదలుపెట్టింది. వడ్రంగి గది మూసేయాలి. ఫ్యాక్టరీలో చేసిన అల్యూమినియం కర్రలు, చిన్నవి, నడిమివి, పెద్దవి, శిబిరాలు పెట్టి పంచాలి. ఒకరే రెండుసార్లు తీసుకుంటే ఎలా పట్టుకుంటారని ఉర్సులా అడిగింది. వినోద ఆలోచించి ఒక నియమం రాసింది: పాత కర్ర అప్పగిస్తేనే కొత్తది ఇవ్వాలి. పక్కన ఉర్సులా చాలా బాగుందని రాసింది. అక్కడి ఒక దాతల సంఘానికి ఆ పథకం నచ్చి, డబ్బు పంపింది. దామోదర్ సార్ ఫోన్ చేశాడు. వినోద నన్ను తన గదిలో గోడకు ఆనించి పెట్టుకునేది కాబట్టి ఆ మాటలన్నీ నాకు వినబడ్డాయి. నిన్ను పంపినందుకు మన సంస్థ పేరు నిలబెట్టినవు అన్నాడు. సోమాచారి ఏమన్నాడని వినోద అడిగింది. బాడిస, ఉలులు గోనెసంచిలో వేసుకుని, హైదరాబాదులో అపార్ట్‌మెంట్లకు తలుపులు బిగించే పనికి పోయాడట.

కిటికీ బయట మంచు కరుగుతున్నప్పుడు సత్తెమ్మ ఫోన్ వచ్చింది. పగటి పూట. వినోద క్లాసుకు తయారవుతూ ఫోన్‌ను బల్ల మీద పెట్టి మాట్లాడింది.

"నేను సత్తెమ్మనమ్మా. పిల్ల పడ్డది."

సత్తెమ్మ ఏడవలేదు. ఒకటి తర్వాత ఒకటి చెప్పుకుంటూ పోయింది. పారిజాత రెండు వేళ్ళు పొడుగైంది, సోమాచారి చేసిచ్చిన రెండో కర్రకు అతుకు వేయిద్దామని పోతే గదికి తాళం ఉంది. శిబిరానికి పొమ్మన్నారు. అక్కడ వరసలో నిలబెట్టి, ఎత్తు చూసి, నడిమి కర్ర చేతికిచ్చారు. కొత్తది తేలికగా ఉంది, కానీ నిటారుగా ఉంది. ఈ పిల్ల కాలికి కుదరదు, పాతదే ఉండనీయండి అని సత్తెమ్మ బతిమాలింది.

"పాతది ఇయ్యకుంటె లిస్టుల పేరు కొట్టేస్తమన్నరు. చేతిలకెల్లి గుంజి కుప్పల ఏసిన్రమ్మా. ఆడ గన్ని కట్టెలు. గా రూలు ఎవలు పెట్టిన్రో గని, వాళ్ళింట్ల కుంటిపిల్ల లేనట్టుంది."

వినోద తలుపు గొళ్ళెం మీద చేయి పెట్టి నిలబడింది.

పద్దెనిమిది రోజులు పారిజాత ఆ కర్రతో బడికి పోయిందట. రోజూ ఆలస్యంగా, చంక పుండై. పంతొమ్మిదో రోజు బడి మెట్ల మీద కర్ర లోపలికి జారింది. తుంటి ఎముక విరిగింది. ఈ ఎముక సుద్దముక్క లాంటిది, రాడ్డు వేసినా పట్టదు అని పెద్దాసుపత్రిలో చెప్పి పంపించేశారు. ఇక నడవదు. కర్రతో కూడా నడవదు.

నేను గోడకు ఆనుకుని ఉన్నాను. ఆ రోజు వినోద క్లాసుకు పోలేదు. నా పక్కన నేల మీద కూర్చుని, నా అడుగున ఉన్న ఆఖరి అతుకును గోటితో గీరుతూ ఉండిపోయింది.

జూన్‌లో అందరూ తమ పథకం ఎలా నడిచిందో చెప్పాలి. వినోద దగ్గర మంచి అంకెలున్నాయి. పోయిన ఏడాదికంటే పదకొండు రెట్లమందికి కర్రలు అందాయి. వాళ్ళలో చాలామందికి నిజంగానే మేలు జరిగింది, ఆ మాట దాచకూడదు. వినోద అంకెలు చూపించింది. ఆ తర్వాత నన్ను రెండు చేతులతో పైకెత్తి, పారిజాత సంగతి మొదటి నుంచి చివరి దాకా చెప్పింది. ఆ నియమం నేనే రాశాను అంది. ఏడాదిలో ఆమె అంత గట్టిగా మాట్లాడగా నేను వినడం అదే.

ఎవరైనా కోప్పడతారని ఆమె ఎదురుచూసింది. నేనూ చూశాను. వాళ్ళు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఉర్సులా కళ్ళు తుడుచుకుంది. ఇంత నిజాయితీగా ఎవరూ చెప్పలేదని, దీన్ని 'మేము నేర్చుకున్నవి' అనే భాగంలో రాస్తే వచ్చే ఏడాది విద్యార్థులకు పాఠమవుతుందని అంది. వినోదకు క్లాసులో అందరికంటే ఎక్కువ మార్కులు వచ్చాయి.

ఆ వారమే నన్ను ఈ పెట్టెలో నిలబెట్టి, ఎప్పటికీ ఇక్కడే ఉంచుకుంటామని అడిగారు. ఇది నాది కాదు, అడిగి చెబుతానని వినోద అంది. పెట్టె ముందు నిలబడి ఫోన్‌లో వీడియో కాల్ చేసింది. పారిజాత నులక మంచంలో పడుకుని ఉంది. మొహం కొంచెం ఉబ్బింది. జడ వేసి ఉంది. ఫోన్ తనే పట్టుకుంది.

"పారిజాతా, పాత కర్ర ఇస్తెనే కొత్తది అన్న రూలు రాసింది నేనే," అంది వినోద.

పారిజాత ఫోన్‌ను మొహానికి దగ్గరగా తెచ్చుకుంది. కోపం వచ్చిందో లేదో నాకు తెలియలేదు. ఆమె బరువును బట్టి మనసు తెలుసుకోవడమే నాకు అలవాటు. ఫోన్‌లో బరువు తెలియదు.

"అది ఏది? సూపియ్యి," అంది చివరికి.

వినోద ఫోన్ నా వైపు తిప్పింది.

"తీసుకరమ్మంటవా? వచ్చే నెల వస్తున్న."

"ఎందుకక్కా. అమ్మ పొయ్యిల పెడ్తది."

తర్వాత కళ్ళు చిన్నవి చేసి, నన్ను పైనుంచి కింది దాకా చూసింది.

"దేనికీ ఆనిచ్చినట్టు లేదు. ఎట్ల నిలబడ్డదక్కా అది?"

"వెనుక సన్నని తీగ కట్టిన్రు. కనబడదు."

"మంచిగ నిలబెట్టిన్రు," అంది పారిజాత.

ఫోన్ పట్టుకున్న చేయి నొప్పి పుట్టిందేమో, పక్కకు వాలింది. కాల్ మాత్రం ఆగలేదు. వినోద ఫోన్‌ను నా ముందు అలాగే పట్టుకుంది. మంచం పైన వాళ్ళింటి కప్పు రేకులు కనిపించాయి. తుప్పు పట్టిన రేకులు, మేకులు కొట్టిన చోట సన్నగా వెలుతురు. పారిజాత రోజంతా చూసేది అదే. ఆ కాసేపు నేను కూడా చూశాను.