గాలి పంచుకునే పాఠం

కిరీటి ఆటోనగర్‌లో లారీ బ్రేకుల సామాను అమ్మే మనిషి. సముద్రంతో అతనికున్న పరిచయమల్లా ఏడాదికోసారి మంగినపూడి బీచికి వెళ్లడం, మోకాళ్ల లోతున నిలబడి మడిచిన ప్యాంటు కాస్తా తడిపేసుకోవడం, భార్య ఉషశ్రీ చేత చీవాట్లు తినడం. ఉషశ్రీ పోయి నాలుగేళ్లయింది. ఆ తర్వాత చీవాట్లూ లేవు, మంగినపూడీ లేదు.

అలాంటివాడు అండమాన్‌లో ఒక దీవి ఒడ్డున, ఒంటికి అతుక్కుపోయిన నల్ల రబ్బరు బట్టల్లో, వీపున గాలి సిలిండర్ మోస్తూ నిలబడ్డాడంటే ఆ పుణ్యమంతా కూతురు సుస్మితదే. తల్లి పోయిన దగ్గర్నుంచి ఆ పిల్ల ఏదీ అడగలేదు. కొత్త బట్టలు అడగలేదు, ఫోను అడగలేదు. అందరి ముందూ ఒక్కసారైనా ఏడవలేదు. బంగారంలాంటి పిల్ల అని చుట్టాలు మెచ్చుకుంటూ ఉంటే కిరీటికి లోపల్లోపల భయమేసేది. ఆ వయసు పిల్ల అంత బుద్ధిగా ఉండటం ఏ తండ్రికైనా మంచి శకునం కాదు. బీటెక్ మూడో సంవత్సరంలో పడ్డాక ఒకరోజు అన్నం తింటూ, "నాన్నా, సెలవుల్లో నాకు స్కూబా నేర్చుకోవాలనుంది. నువ్వు కూడా రావాలి," అంది. కంచంలో చెయ్యి కడిగేలోపే కిరీటి సరేనన్నాడు. స్కూబా అంటే ఏమిటో మర్నాడు షాపులో కూర్చుని ఫోన్‌లో చూసి తెలుసుకున్నాడు. వీపున గాలి సిలిండర్ కట్టుకుని సముద్రం లోపలికి దిగడమట. కానీ మాటిచ్చేశాడు కదా.

సిలిండరంటే అతనికి పడదు. ఆ కరోనా వేసవిలో ఆసుపత్రుల్లో మంచాలు దొరక్క, భార్యనీ తల్లి బుల్లెమ్మనీ కానూరు ఫ్లాట్‌లో ఒకే గదిలో పడుకోబెట్టి, మధ్యలో ఒక ఆక్సిజన్ సిలిండర్ నిలబెట్టాడు. గ్యాస్ కటింగ్ షాపతన్ని కాళ్లా వేళ్లా పడి తెచ్చుకున్నది. ఉన్నది ఒకటే మాస్కు. ఉషశ్రీకి ఎక్కువగా ఉందని ఆమెకు పెట్టి, సుస్మితని కాపలా ఉంచి, ఇంకో సిలిండర్ నింపించుకు రావడానికి వెళ్లాడు. గ్యాస్ ప్లాంటు ముందు వరస కదల్లేదు. మధ్యాహ్నం ఎండలో నిలబడి నిలబడి తిరిగొచ్చేసరికి ఉషశ్రీ లేదు. మాస్కు తల్లి మొహాన ఉంది. భార్య పోయాక పిల్ల మార్చి పెట్టి ఉంటుందిలే అనుకున్నాడు. అడగడానికి నోరు రాలేదు. వరసలో ఇంకొంచెం ముందు నిలబడి ఉంటే అన్న ఊహ ఒక్కటే అప్పట్నుంచీ అతన్ని తినేస్తోంది.

బుల్లెమ్మ కోలుకుని కంకిపాడులో సొంతింటికి వెళ్లిపోయింది. మళ్లీ ఆ ఫ్లాట్ గడప తొక్కలేదు. సుస్మిత ఒక్కసారి కూడా కంకిపాడు వెళ్లలేదు. బస్సెక్కితే అరగంట లేని ఊరికి ఒకసారి పరీక్షలనీ, ఒకసారి తలనొప్పనీ వంకలు పెట్టేది. ఆ గది గుర్తొస్తుందేమోనని కిరీటి కూడా బలవంతపెట్టలేదు.

దీవిలో నేర్పే అమ్మాయి పేరు క్రిస్టినా. పోర్ట్ బ్లెయిర్‌లో పుట్టి పెరిగినా, తాతలు శ్రీకాకుళం వైపు నుంచి వెళ్లినవాళ్లు కాబట్టి నోటినిండా తెలుగే. మొదటి రోజు నడుము లోతు నీళ్లలో కిరీటి తల ముంచగానే భుజం తట్టి పైకి లేపింది.

"ఏటండీ కిరీటిగారూ, ఊపిరి బిగపట్టేస్తన్నారు!"

"మా కాలవల్లో అలాగే నేర్పారమ్మా. నీళ్లలో మునిగితే ఊపిరి బిగపట్టాలని మా నాన్న నెత్తిన మొట్టి మరీ నేర్పాడు."

"ఇక్కడ బిగపట్టకూడదండి. గాలి మీ వీపు మీదే ఉంది కదా. పీల్చండి, వదలండి, అంతే. లోతు నుంచి ఊపిరి బిగపట్టి పైకొచ్చారంటే ఊపిరితిత్తులకి దెబ్బ తగులుద్ది."

చిన్నప్పటి అలవాటు ఒక పట్టాన వదలదు. సిలిండర్ గొట్టం చివరుండే రబ్బరు ముక్క పళ్ల మధ్య పెట్టుకుని తల ముంచడం, గాలి అందుతున్నా ఛాతీ బిర్రబిగిసిపోవడం, క్రిస్టినా వేలితో పొడవడం. మధ్యాహ్నానికి గాని దారికి రాలేదు. ఆ గొట్టం లోంచి వచ్చే బుస్సు బుస్సు చప్పుడు మాత్రం అతన్ని కానూరు గదిలోకి ఈడ్చుకుపోతూనే ఉంది. పక్కన సుస్మితకి ఆ ఇబ్బందేమీ లేనట్టు, పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి నీళ్లలోనే ఉన్నట్టు, నిమ్మళంగా బుడగలు వదులుతోంది.

తర్వాత చేతి సైగలు. నీళ్లలో మాట పనికిరాదు కాబట్టి ప్రతిదానికీ ఒక సైగ. బొటనవేలు పైకి చూపిస్తే బాగుందని కాదు, పైకి పోదామని. బాగున్నానని చెప్పాలంటే బొటనవేలూ చూపుడువేలూ కలిపి సున్నా చుట్టాలి. గొంతు దగ్గర అరచేయి అడ్డంగా ఆడిస్తే గాలి అయిపోయిందని. ఆటోనగర్‌లో రోజూ పదిమందికి బొటనవేలు చూపించి పంపించే కిరీటి ప్రతిసారీ తప్పు సైగే చేశాడు. సుస్మిత నవ్వలేదు. ఏదో లెక్క తేల్చుకుంటున్నట్టు క్రిస్టినా చేతుల వైపే చూస్తోంది.

"మేడమ్, ఎదుటి మనిషి చెయ్యి ఊపితే అదేంటో అర్థం కాలేదనుకోండి. అప్పుడేం చెయ్యాలి?"

"మళ్లీ అడగాలమ్మా. సైగతోనే అడగాలి. మనకి మనం ఊహించేసుకోకూడదు."

సుస్మిత మొహం పాలిపోయింది. ఎండ దెబ్బేమోనని కిరీటి నీళ్ల సీసా ఇవ్వబోతే వద్దంది.

రెండో రోజు గాలి పంచుకోవడం. తోటి మనిషికి గాలి అయిపోతే నోట్లో ఉన్నది తీసి వాళ్లకి ఇచ్చెయ్యాలి. మన సిలిండర్‌కే పసుపు రంగు గొట్టం ఇంకొకటి వేలాడుతూ ఉంటుంది, వెంటనే అది మన నోట్లో పెట్టుకోవాలి. ఇద్దరూ ఒకే సిలిండర్ మీద మెల్లగా పైకి రావాలి. ఛాతీ లోతు నీళ్లే, భయం లేదు, ఇసుక మీద మోకాళ్లేసి కూర్చుని చేద్దాం అంది క్రిస్టినా.

తండ్రీ కూతుళ్లు ఎదురెదురుగా కూర్చున్నారు. కిరీటి గొంతు దగ్గర అరచేయి ఆడించి తన నోట్లోది తీసేశాడు. సుస్మిత క్షణం ఆలస్యం చెయ్యలేదు. నోట్లోది తీసి తండ్రి నోటికి అందించింది. అతను రెండు గుక్కలు సుఖంగా పీల్చాడు. ఆ తర్వాత చూశాడు. సుస్మిత పసుపు గొట్టం అందుకోలేదు. రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, పెదవులు బిగించి, అద్దాల లోంచి అతన్నే చూస్తూ కూర్చుంది. ఆమె దగ్గర్నుంచి ఒక్క బుడగ కూడా రావడం లేదు. క్రిస్టినా చెయ్యి చాచేలోపే కిరీటి ఆ పసుపు గొట్టం గుంజి కూతురి నోట్లో కుక్కి, జబ్బ పట్టుకుని పైకి లాక్కొచ్చేశాడు. నేర్చుకున్న సైగల్లో ఒక్కటీ గుర్తులేదు.

"పిచ్చిదానా! చస్తావా? నన్నేం చేద్దామనుకున్నావ్?"

ఒడ్డున ఇసుక మీద కూలబడి దగ్గుతూ సుస్మిత అంది: "ఆ రోజు అమ్మకెలా అనిపించిందో చూద్దామనుకున్నా నాన్నా."

క్రిస్టినా ఏమనుకుందో ఏమో, సిలిండర్లు తీసి పక్కన పెట్టి మెల్లగా దూరంగా వెళ్లిపోయింది. సుస్మిత మోకాళ్ల మీద గెడ్డం ఆనించి, సముద్రం వైపు చూస్తూ చెప్పింది.

"ఆ రోజు నువ్వెళ్లాక నాయనమ్మకి ఎగపోత మొదలైంది. గోళ్లు నీలంగా అయిపోయాయి. అమ్మే మాస్కు తీసి నా చేతిలో పెట్టింది. నాయనమ్మకి పెట్టవే, కాసేపే, నాన్నగారొచ్చేస్తారు అంది. నేను పెట్టనన్నా. కళ్లురిమింది. పెట్టాను."

కిరీటి ఊపిరి నిజంగానే బిగపట్టాడు.

"కొంచెంసేపటికి అమ్మ చెయ్యెత్తి ఇలా ఊపింది," అంటూ సుస్మిత అరచేయి గాల్లో అటూ ఇటూ ఆడించింది. "మాట రావట్లా. మళ్లీ తనకి పెట్టమందో, తియ్యొద్దు ఉంచమందో నాకు తెలీలేదు. ఉంచమందిలే అనుకున్నా. ఇంకోసారి ఊపలా."

"నీ తప్పేముందమ్మా అందులో? చిన్నపిల్లవి..."

"ఆ మాటే అంటావని తెలుసు. అందుకే నీకు చెప్పలా. నాకది కాదు కావాల్సింది. అమ్మ ఏం చెప్పిందో కావాలి. ఆ గదిలో ఉన్న ఇంకో మనిషి నాయనమ్మే, ఆవిడ కళ్లు తెరుచుకునే ఉన్నాయి. అడుగుదామంటే భయం. మళ్లీ పెట్టమందనే చెబితే నేనేం కావాలి?"

ఇన్నేళ్లూ కిరీటి తను వరసలో వెనకబడ్డానని కుళ్లిపోతున్నాడు. ఒకే ఇంట్లో, ఒకే బల్ల మీద అన్నం తింటూ ఈ పిల్ల ఇంతకింత మోస్తోంది. ఆ సంగతి పట్టించుకోలేకపోయినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. దగ్గరకు తీసుకోబోతే సుస్మిత కొయ్యలా ఉండిపోయింది.

మర్నాడు మానేద్దామన్నాడు. వద్దంది. పడవలో దూరంగా వెళ్లి ఇద్దరూ లోతుకి దిగారు. రంగు రంగుల చేపలు వచ్చి పలకరించినట్టు మొహాల దగ్గరే తిరిగాయి. జన్మకొక్కసారి చూసే వింత అంటారు గాని, కిరీటి చూసినవి కూతురి బుడగలే. బుడగ బుడగకీ ఆమె వైపు తిరిగి సున్నా చుట్టి అడిగాడు, బాగున్నావా అని. ఆమె ప్రతిసారీ సున్నా చుట్టింది. మొత్తానికి ఇద్దరికీ స్కూబా వచ్చేసింది.

తిరుగు ప్రయాణంలో ఒకసారి తల్లికి ఫోన్ చెయ్యబోయాడు. అమ్మా, పిల్ల అడుగుతుంది, ఉంచమందని చెప్పు, అనడానికి. రింగవకముందే కట్ చేశాడు. ఉషశ్రీ ఆఖరి మాటని తను కల్పించి ఇంకొకరి నోట పలికించడానికి మనసొప్పలేదు.

గన్నవరంలో దిగి కారెక్కాక సుస్మితే డ్రైవర్‌తో, "ఉప్పులూరు మీదుగా కంకిపాడు పోనివ్వండి," అంది.

బుల్లెమ్మ వసారాలో కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. మనవరాలిని చూసి లేవబోయి, లేవలేక, చేట పక్కకి నెట్టింది. కుశల ప్రశ్నలేవీ లేవు. సుస్మిత ఎదురుగా నేల మీద కూర్చుని సూటిగా అడిగేసింది. అమ్మ చెయ్యి ఊపింది చూశావా, ఏమంది?

గుమ్మం పక్కన నిలబడిన కిరీటికి తల్లి ఏం చెబుతుందో తెలిసినట్టే ఉంది. ఉంచమందే అంటుంది. ఏ నాయనమ్మయినా అదే అంటుంది. దాన్ని ఈ పిల్ల నమ్మదు. నమ్మినట్టు తలూపి, మళ్లీ ఎప్పటిలా బుద్ధిగా అయిపోతుంది.

బుల్లెమ్మ చాలాసేపు మనవరాలి మొహంలోకి చూసింది.

"ఊపింది. కానీ నీకు కాదే. నాకు."

"నీకా?"

"ఆ. నాకేసి చూసే ఊపింది. అత్తయ్యా ఇక ఇటివ్వండి అని. నాకు తెలివుంది. తెలిసే ఇవ్వలా. నువ్వు అమ్మనే చూస్తున్నావ్, నన్ను చూళ్లా. రెండు చేతుల్తో మాస్కు గట్టిగా పట్టుకుని గోడవైపు తిరిగిపోయా. బతకాలనిపించిందే. నువ్వు రాకపోతే నన్నసహ్యించుకుంటున్నావనే అనుకున్నా ఇన్నేళ్లూ. న్యాయమేలే అనుకున్నా."

సుస్మిత గొంతులోంచి ఒక కేక వచ్చింది. వీధిలో పోయేవాళ్లు ఆగి చూసేంత కేక. రెండు పిడికిళ్లతో నాయనమ్మ మోకాళ్ల మీద బాదింది. బాదుతూ బాదుతూ అదే ఒళ్లో తల పెట్టి, నాలుగేళ్ల ఏడుపు ఏడ్చింది. బుల్లెమ్మ దెబ్బలు తింటూ, ఆ తల నిమురుతూ కూర్చుంది.

కిరీటికి ఆ కరోనా వారమంతా కళ్ల ముందు తిరిగింది. ఆ రోజుల్లో తల్లికి చెంచా పట్టుకోవడానికి చెయ్యి లేచేది కాదు. పక్కకి ఒత్తిగిల్లాలన్నా ఇద్దరు సాయం పట్టాలి. మాస్కుని రెండు చేతులతో పట్టుకోవడం, గోడవైపు తిరగడం ఆమె వల్ల అయ్యే పని కాదు. అతను గుమ్మం దాటి లోపలికొచ్చాడు.

"అమ్మా, నువ్వు..."

బుల్లెమ్మ తలెత్తి అతన్ని చూసింది. చిన్నప్పుడు పెద్దవాళ్ల మధ్య మాట్లాడబోతే ఎలా చూసేదో అలా చూసింది. కిరీటి నోరు మూసుకున్నాడు.

"ఆ చెయ్యి సంగతి ఇంక నాకొదిలెయ్యమ్మా," అంది బుల్లెమ్మ మనవరాలితో. "అది నీది కాదు, నాది."