అట్టల మాస్టారు

కాగితంలో ప్రథమ చికిత్స అని ఉన్న నాలుగో భాగం దగ్గర ఆయన వేలు ఆగింది. పొద్దున దిగిన డ్రమ్ము ఎప్పటిలాగే నీలంది. తుప్పు వదిలించే యాసిడ్ అనే చెప్పారు. దాని వెంట వచ్చిన పదకొండు పేజీల కాగితం మాత్రం కొత్తది. ఆయన భూతద్దం తుడుచుకుని మొదటినుంచీ మళ్ళీ చదివాడు.

రసాయనాలతో వచ్చే జాగ్రత్తల కాగితాన్ని ఆ ఫ్యాక్టరీలో చదివేది స్టోరు చూసే ఈయనొక్కడే. మిగతావాళ్ళు ఫైల్లో పెట్టి చేతులు దులుపుకుంటారు. ఈయన పనివాళ్ళకి కావలసిన ముక్క ఏరి, అట్ట మీద మామూలు మాటల్లో రాసి, డ్రమ్ము మెడకి దారంతో రెండు ముళ్ళేసి కడతాడు. అట్టల మాస్టారని అందరూ ఆటపట్టిస్తారు.

ఈ అలవాటు ఊరికే రాలేదు. ముప్ఫై ఏళ్ళ కింద ఇదే స్టోరులో అంటుకున్న పొడి మీద ఆయన బావమరిది నీళ్ళు పోశాడు, అది భగ్గున పేలింది. బకెట్టు అందించింది ఈయనే. నీళ్ళు పోయకూడదని రాసిన కాగితం అప్పుడు ఆఫీసు సొరుగులో భద్రంగా ఉంది. తన తమ్ముడు అలా పోయినా భార్య ఆయన్ని ఒక్క మాటా అనలేదు. అనకపోవడమే ఆయన్ని ఇన్నేళ్ళూ తినేసింది.

ఈ యాసిడ్ ఒంటి మీద పడితే వెంటనే మంట పుట్టకపోవచ్చట. గంటలు గడిచాక ఎముక దాకా దిగుతుందట. కడిగితే చాలదు, కాల్షియం జెల్ పూయాలి. ఆయన మందుల పెట్టె తెరిచి చూస్తే దూదీ, ఎండిపోయిన ఆయింట్‌మెంటూ ఉన్నాయి.

సూపర్‌వైజరు విసవిసా వచ్చాడు. "ఇంకా విప్పలేదేంటి మాస్టారూ? అక్కడ పనాగిపోయింది."

"ఆ జెల్ తెప్పించండి, విప్పుతాను."

"ఎప్పుడూ వాడేదేగా!"

"డ్రమ్ము పాతదే బాబూ, లోపలిది కాదు."

ఆయన డ్రమ్ముకి అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. పుట్టి బుద్ధెరిగి ఎవరికీ ఎదురు చెప్పని మనిషి. ఎడమ చెయ్యి పొద్దుట్నుంచీ బరువుగా ఉంది. డ్రమ్ము జరిపాను కదా, అందుకే అనుకున్నాడు.

తొట్ల దగ్గర ఇనప సామాన్లు కడిగే ఆవిడ టీ తెచ్చింది. "బాబాయ్, ఏంటా చెమటలు? ఇంటికెళ్ళి పడుకోరాదూ?"

"నొప్పేం లేదులేమ్మా. ముందు నీ గ్లౌజు మార్చుకో, బొటనవేలి దగ్గర చిరిగింది."

మూడింటికి సూపర్‌వైజరు రెండు ట్యూబులు బల్ల మీద పడేసి వెళ్ళాడు. మాస్టారు ఒకదాన్ని అట్టకి కట్టి, గుండ్రటి అక్షరాల్లో రాశాడు. 'పడగానే నీళ్ళతో బాగా కడుగు. ఈ మందు పూయి. డాక్టరు దగ్గరికి పరుగెత్తు. నొప్పి లేదని ఊరుకోకు.'

యాసిడ్ కోసం ఆవిడ మళ్ళీ వచ్చేసరికి ఆయన డ్రమ్ముకి తల ఆనించి కూర్చుని ఉన్నాడు. అలిసిపోయి కునుకు తీస్తున్నాడనుకుంది. కాసేపు చూసి, "బాబాయ్" అని భుజం తట్టింది. ఆయన చెయ్యి చల్లగా పక్కకి జారిపోయింది.

ఆయన పోయిన నాలుగో రోజున ఆవిడ మణికట్టు మీద ఒక యాసిడ్ చుక్క పడింది. మంట లేదు. చీరకి తుడుచుకుని పనిలో పడబోయి, చటుక్కున కుళాయి దగ్గరికి పరుగెత్తింది. చాలాసేపు కడిగి వచ్చి, ఏడుస్తూనే ఆ ట్యూబు విప్పి జెల్ పూసుకుంది. ఆవిడని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళడానికి వచ్చిన బండి హారన్ బయట మోగుతోంది.

అట్ట డ్రమ్ము మెడకి ఒంటి ముడితో వేలాడుతోంది. రెండో ముడికని ఆయన ఉంచుకున్న దారం కొస ఇంకా అలాగే ఉంది.