రుమాలులో రొట్టె

మా ఆయన అన్నం మానేసి ఆ మట్టల ఆదివారానికి ముప్పై తొమ్మిది రోజులు. అన్నమే కాదు, ఇడ్లీ, పప్పు, అరటిపండు, టీలో చక్కెర, అన్నీ మానేశారు. పొద్దున గుడ్లు, మధ్యాహ్నం కొల్లేటి కొర్రమీను, రాత్రికి కోడో మేకో. ఉంగుటూరులో ఎటు చూసినా వరిచేలే. అలాంటి ఊళ్ళో మెతుకు ముట్టని మనిషి నాకే దొరికాడు. పక్కింటి పరమేశ్వరి గారు మా వంటింటి వాసనకి ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, మీ ఇంట్లో రోజూ పెళ్ళేనా అండీ అని అడిగేవారు. నవ్వి ఊరుకునేదాన్ని కానీ ఒళ్ళు మండిపోయేది. పైగా అవి ఈస్టరుకు ముందొచ్చే శ్రమల దినాలు. చర్చిలో సగం మంది నీచు మానేసిన నలభై రోజుల్లోనే సంఘపెద్ద అయిన మా ఆయన ఇంట్లో నీచు తప్ప ఇంకేమీ ఉడకడం లేదు.

ఆయన పేరు సత్యానందం, హైస్కూల్లో లెక్కల మాస్టారు. ఆరేళ్ళుగా షుగరు. మాంసం మీద మోజుతో ఈ పని చేశారనుకుంటే పొరపాటు. 2007 జనవరిలో వాళ్ళన్నయ్య ఏసుబాబు గారికి ఏలూరులో మోకాలి కింద కాలు తీసేశారు. అదీ షుగరు వల్లే. మర్నాడు మేం చూడబోయేసరికి బావగారు నిద్రమత్తులో లేని కాలు గోక్కోబోయి, దుప్పటి చేతికి తగిలి ఆగిపోయారు. మా ఆయన అది చూశారు. ఇంటికొచ్చే బస్సులో తన మోకాలి మీంచి చెయ్యి తీయలేదు. కొన్నాళ్ళకి తాడేపల్లిగూడెం నెట్ సెంటర్లో ఆరు కాగితాలు ప్రింటు తీయించుకొచ్చారు. ఎక్కడో ఎవరో ఏళ్ళ తరబడి మాంసమే తిని బతికారట, షుగరు దిగిందట. పరీక్ష పేపర్లు దిద్దే ఎర్ర పెన్నుతో వాటి నిండా గీతలు గీశారు.

"మా అన్నయ్య కాలు తీసింది డాక్టరు కాదు సరోజా, మూడు పూటలా తిన్న వరి," అన్నారు. భయపడ్డ మనిషితో ఏం వాదించను? చేపలు తోమడం మొదలుపెట్టాను.

డాక్టరుకు మాత్రం చెప్పలేదు. ముందే చెబితే వద్దంటారు, మూడు నెలలయ్యాక మంచి రిపోర్టు చూపించి చెబుదామన్నారు. నేనూ సరే అన్నాను. మూడు వారాలకే షుగరు బాగా దిగేసరికి, లోకంలో ఎవరికీ తెలియని రహస్యం మా ఇద్దరికే తెలిసినట్టు మురిసిపోయాను. డాక్టరు రాసిన మాత్రలు మాత్రం చీటీలో ఉన్నది ఉన్నట్టు పూటపూటా వేసుకునేవారు. అన్నం తినే మనిషిని చూసి రాసిన చీటీ అది. ఆ సంగతి లెక్కల మాస్టారికీ తట్టలేదు, ఆయన పెళ్ళానికీ తట్టలేదు.

మార్చి మొదటి ఆదివారం చర్చిలో రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభువు బల్ల జరిగింది. సోమవారం బట్టలు ఉతుకుతుంటే ఆయన రుమాలు మడతలో గోరంత రొట్టె ముక్క కనిపించింది. సంఘం అందరి ముందూ రొట్టె నోట్లో పెట్టుకున్నట్టు నటించి రుమాల్లో దాచారన్నమాట. నిలదీస్తే తల దించుకుని, ఒక్క ముక్కకు లొంగితే రేపు ముద్దకు లొంగుతానన్నారు. ఆ ముక్కను కాగితంలో చుట్టి నా బైబిల్లో పెట్టుకున్నాను.

"వచ్చే బల్లకు కూడా ఇలాగే చేశారంటే ఇది తీసుకెళ్ళి పాస్టరు అయ్యగారి చేతిలో పెడతాను," అన్నాను.

ఆ వచ్చే బల్ల మట్టల ఆదివారం నాడే పడింది. మా చర్చిలో బల్ల తీసుకునే దాకా మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టరు. ఆయన గుడ్డు కూడా తినకుండా మాత్ర వేసుకున్నారు. నీళ్ళ గ్లాసు అందించింది నేనే. ఎండలో ఈత మట్టలు పట్టుకుని హోసన్నా అంటూ ఊరంతా తిరిగాం. క్రీస్తుదాసు అయ్యగారి ప్రసంగం పన్నెండు దాటింది. నేను రొట్టె గురించే ఆలోచిస్తున్నాను. ఈసారి తింటారా, దాస్తారా?

బల్లకు ముందు వాక్యం చదవడం మా ఆయన వంతు. లేచి నిలబడి చదివారు. మళ్ళీ అదే వచనం చదివారు. మూడోసారి కూడా అదే చదువుతుంటే మాట ముద్దగా వచ్చింది. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయింది. ఏలూరు ఆస్పత్రిలో బావగారికి ఇలాగే చెమటలు పడితే నర్సు పరుగున గ్లూకోజ్ కలిపి తెచ్చి, షుగరు మరీ పడిపోయింది, ఆలస్యమైతే మనిషి దక్కడు అనడం నేను విన్నాను. ఆయన మోకాళ్ళు మడత పడి కింద కూలిపోయారు.

అందరూ ఆయన చుట్టూ మూగి మట్టలతో విసరడం మొదలుపెట్టారు. ఒకరు సోడా అన్నారు, ఒకరు ఆటో అన్నారు. దగ్గరి కొట్టు ఆదివారం తీయరు. నా ఎదురుగా బల్ల మీద తెల్లగుడ్డ కింద ద్రాక్షరసం జగ్గు ఉంది. ప్రతి నెలా ఆ రసం కాచేది నేనే. నల్ల ద్రాక్ష రెండు కిలోలకు కిలో చక్కెర పోస్తాను. ప్రార్థన కాకముందు ఆ గుడ్డ మీద అయ్యగారు తప్ప ఎవరూ చెయ్యి వేయరు.

ఆడవాళ్ళ వైపు నుంచి లేచి, గుడ్డ లాగేసి జగ్గు పట్టుకొచ్చాను. ఎవరో అమ్మా అమ్మా అంటున్నారు. ఆయన తల ఒళ్ళో పెట్టుకుని జగ్గు మూతతో కొంచెం కొంచెం పోశాను. పెదాలు బిగించి తల తిప్పేశారు. స్పృహ పోతున్నా ఆ పట్టుదల పోలేదు.

"తియ్యగా ఉందని నాకూ తెలుసండీ. మింగండి," అన్నాను. గొంతు కదిలింది. ఇంకో మూత పోశాను. ఎన్ని పోశానో తెలియదు. చివరికి కళ్ళు నా మీద నిలిచాయి. అప్పటిదాకా రాని ఏడుపు అప్పుడొచ్చింది.

"సరోజా, నా కాళ్ళున్నాయా?" అన్నారు.

"ఉన్నాయండీ. రెండూ ఉన్నాయి. రేపు ఏలూరు వెళ్ళి డాక్టరు గారికి అంతా చెప్పేద్దాం," అన్నాను. సరేనన్నట్టు తల ఊపారు.

అయ్యగారు జగ్గులోకి తొంగి చూశారు. తిడతారనుకున్నాను. ఇంకా సగం ఉందమ్మా, అందరికీ సరిపోతుంది అని గుడ్డ మళ్ళీ కప్పి ప్రార్థన మొదలుపెట్టారు.

రొట్టె పళ్ళెం ముందు మా ఆయన దగ్గరికే వచ్చింది. గోడకు ఆనుకుని కూర్చున్నచోటే ముక్క తీసుకుని, నా వంక చూస్తూ నోట్లో పెట్టుకుని నమిలారు. చెయ్యి రుమాలు వైపు వెళ్ళలేదు.

పళ్ళెం నా ముందుకు వచ్చినప్పుడు నేను అందులోంచి తీసుకోలేదు. బైబిలు తెరిచి, ఆయన్ని బెదిరించడానికి నెల రోజులుగా దాచిన కాగితం పొట్లం విప్పాను. మాత్రతో పాటు నీళ్ళందించిన దాన్ని నేనే కదా. ముక్క ఎండిపోయి గట్టిపడింది. నమలడానికి చాలాసేపు పట్టింది.