రాయి పేరు

"దేవుడికే కాదు, పక్కింటివాళ్ళకీ చెవులుంటాయి. ఆ గొంతు కాస్త తగ్గించవే" అంది అత్తగారు.

నంగై గొంతు తగ్గించింది గానీ పాట ఆపలేదు. ఈ గానుగింటికి కోడలై వచ్చిన ఇరవై రెండేళ్ళుగా నువ్వులు కడగడం, ఆరబోయడం, చెరగడం, ఎద్దుకు కుడితి పెట్టడం అన్నీ ఆమె పనులే. ఊళ్ళో మాత్రం అది మొగుడి పేరున చేందన్ నూనె. కూరలో ఉప్పు తగ్గితే తప్ప చేందన్ ఆమెను పలకరించేవాడు కాదు. పురిట్లో బిడ్డ పోయిన రోజున కూడా గుమ్మం దగ్గర నిలబడి, "ఎద్దుకి మేత వేశారా?" అని అడిగాడు. ఆ రోజు కట్టుకుంది ఆమె ఆ పాట. "ఓ రాయీ, నూనె రాసి రాసి నా చేతులరిగాయి, నీ ఒళ్ళు మాత్రం తడవలేదు." కొండమీది మురుగన్‌కి కట్టిన పాటలు వేరే ఉన్నాయి. అవన్నీ నవ్వులాటలు, ముద్దుమాటలు. స్వామితో ఆమెకు తగవేమీ లేదు.

ఏటి దగ్గర ఆడవాళ్ళు ఆ పాట నేర్చుకున్నారు. వాళ్ళ నోటినుంచి అది కొండమీది గుడికి చేరింది. చివరికి ఒక పండితుడు ఆ పాటలు రాసుకుందామని తాటాకులు పట్టుకుని ఇంటికొచ్చాడు. చేందన్ ఎదురెళ్ళి, "మా ఇంటి పాటలేనండీ, దగ్గరుండి పాడించింది నేనే" అన్నాడు.

మురుగన్ పండగ పంగుని ఉత్తరం నాడు గుడి మండపంలో పండితుడు ఆ పాట చదివి అర్థం చెప్పాడు. "రాయంటే కరుణించని స్వామి. నూనె అంటే భక్తి. అమ్మ ఎంత తపించిందో చూడండి!"

స్తంభాల వెనక ఆడవాళ్ళలోంచి నంగై ముందుకొచ్చింది. "కాదయ్యా. స్వామి నన్నెప్పుడూ ఏడిపించలేదు. ఆ రాయి మా ఇంటాయన."

మండపంలో తలలన్నీ చేందన్ వైపు తిరిగాయి. అంతలో పండితుడు చేతులు జోడించాడు. "ఆహా! మొగుడిలోనే దేవుణ్ణి చూసుకున్న ఇల్లాలు!"

"హరోహరా!" అని జనం హోరెత్తించారు. ఎవరో చేందన్ మెడలో దండ వేశారు. అతడు వినయంగా తల వంచాడు. బిడ్డ పోయిన దుఃఖాన్ని కూడా దండగా గుచ్చి అతడి మెడలోనే వేశారనుకుంది నంగై. ఇక ఏం చెప్పినా అది అతడి గొప్పే అవుతుంది.

ఆమె పాట మొదటినుంచి ఎత్తుకుంది. పండితుడు రాసుకోడానికి గంటం తీశాడు. "ఓ రాయీ" అనవలసిన చోట, ఆ ఊళ్ళో ఏ ఇల్లాలూ నోట పలకని మాట, ఇరవై రెండేళ్ళలో తనూ పలకని మాట, కొండ మార్మోగేలా పలికింది.

"ఓరి చేందా!"

పండితుడి గంటం ఆగిపోయింది. నంగై రెండో చరణం అందుకుంది.