గొర్లోళ్లం సార్

పాలిష్ యంత్రం పిడిని రెండు చేతులా అదిమిపట్టి ముందుకీ వెనక్కీ నడిపిస్తున్నాడు శివయ్య. ఆరింటికి షిఫ్టు మొదలైతే ఎనిమిదికల్లా తొమ్మిది నాపరాళ్లు నునుపు చేసి పదోదాని మీద ఉన్నాడు. యంత్రం కింద నుంచి బూడిదరంగు నీళ్లు అతని పాదాల మీదుగా కాలువలోకి పోతున్నాయి. పదిహేనేళ్లుగా ఆ నీళ్లలో నానుతున్న పాదాలవి. వేళ్ల సందులు తెల్లగా పాసిపోయి ఉంటాయి, మడమలు మాత్రం రాతికంటే గట్టి. ఎండిన రాతిపిండి కనుబొమల్లో, చెవుల వెంట్రుకల్లో పేరుకుని యాభై రెండేళ్ల మనిషికి డెబ్భై ఏళ్లు తెచ్చిపెట్టింది. ఎత్తైన మనిషే గాని యంత్రం మీదికి వంగి వంగి వీపు అలాగే ఉండిపోయింది. ఇంట్లో అన్నం ముందు కూచున్నా అదే వంపు.

రాయిని తడిమి, ఇది నిలుస్తుంది, ఇది పగులుతుంది అని చెప్పడం ఒక్కటే అతనికి వచ్చిన విద్య. అదీ ఎవరైనా అడిగితేనే చెబుతాడు. పుట్టినప్పటి నుంచీ మాట తక్కువ. అడిగిందే తడవుగా ఠక్కున జవాబు చెప్పింది జీవితంలో ఒకే ఒక్కసారి. ఇప్పుడు పడుతున్న తిప్పలన్నీ దాని పుణ్యమే.

యంత్రం ఆపి, చేతులు లుంగీకి తుడుచుకుని, మేస్త్రీ బాల్‌రాజ్ ముందు నిలబడ్డాడు. ఏమడగబోతున్నాడో బాల్‌రాజ్‌కి తెలుసు. నలభై రోజుల్లో ఇది ఎనిమిదో సెలవు.

"ఏం శివన్నా, ఇయ్యాలన్న నీ కులం దొరుకుతదా?"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నవ్వకపోతే బాగుండదని శివయ్య కూడా నవ్వాడు.

"దొర్కాలె అన్నా. సాయంత్రం ఐదు దాకనే టైమున్నది."

కూతురు నాగరాణి ఇంటర్ పాసై నర్సింగుకు పెట్టుకుంది. బీసీ కోటాలో సీటు వచ్చే మార్కులే ఉన్నాయి. తక్కిన కాగితాలన్నీ ఆన్‌లైన్‌లో ఎక్కాయి. కులం సర్టిఫికెట్ ఒక్కటీ ఇవాళ ఐదింటిలోగా ఎక్కితే సీటు, లేకపోతే లేదు. వచ్చిన నిమిషంలోనే ఎక్కించాలని ఆ పిల్ల పొద్దున్నే తాండూరు బస్టాండు దగ్గర నెట్ సెంటర్లో పోయి కూచుంది.

శివయ్యవాళ్లు కురుమలు. తండ్రి గొర్రెలు కాసేవాడు, చలికాలమంతా గొంగళ్లు నేసేవాడు. శివయ్య చేతికి అరవై గొర్రెలు వచ్చాయి. మేపే బీళ్లన్నీ ఒక్కొక్కటే రాతిగనులైపోయాక వాటిని అమ్మేసి, ఆ గనుల్లోంచి వచ్చే రాళ్లనే పాలిష్ పట్టడానికి తాండూరు వచ్చాడు. మూడేళ్లకు నాగరాణిని బళ్లో వేయబోతే, కొత్తగా బదిలీ మీద వచ్చిన పంతులు రిజిస్టర్లోంచి తల ఎత్తకుండా, "ఏమోళ్లు మీరు?" అని అడిగాడు. ఊళ్లో ఎవరడిగినా చెప్పుకునే మాటే శివయ్య చెప్పాడు.

"గొర్లోళ్లం సార్."

పంతులు 'గొల్ల' అని రాసుకున్నాడు. అప్పటికి ఇంట్లో ఒక్క గొర్రెపిల్ల కూడా లేదు, అయినా నోటికి అదే వచ్చింది. చూపించిన చోట శివయ్య వేలిముద్ర వేసి, బిడ్డ తల నిమిరి, రెండో షిఫ్టుకు వెళ్లిపోయాడు. పన్నెండేళ్లు ఆ మాట జోలికి ఎవరూ పోలేదు. సర్టిఫికెట్ కోసం బడి కాగితం తీయించినప్పుడు బయటపడింది. పంతులు తప్పు రాసిండని ఇంట్లో చెప్పాడు గాని, ఆ మాట తన నోట్లోంచే వచ్చిందని చెప్పడానికి శివయ్యకు ధైర్యం చాలలేదు.

పదింటికి మండలాఫీసు తలుపు తీసేసరికి అతను మెట్ల మీదే ఉన్నాడు. గుమస్తా శ్రీహరి చెడ్డవాడు కాదు. కసురుకోడు, కూచోమంటాడు కూడా. కసిరే మనిషైతే కనీసం కోపమైనా తెచ్చుకోవచ్చు.

"శ్రీహరి సారూ, జర నాది చూడుండ్రి."

"రోజూ చూస్తనే ఉన్న శివయ్యా. బడి కాగితంల గొల్ల ఉన్నది. నువ్వు కురుమకు పెట్టినవు. గొల్ల బీసీ డి, కురుమ బీసీ బి. రెండూ ఒకటెట్లయితయి?"

"మాది బీరప్ప దేవుడు సారు. మా అయ్య గొంగళ్లు నేసెటోడు. ఊర్ల ఎవల్నన్న అడుగుండ్రి."

"నాకెర్క లేదా? దేవుణ్ణి ఆన్‌లైన్ల ఎక్కియ్యరాదు గద."

రాత్రంతా అనుకుని వచ్చిన మాట ఒకటి మిగిలింది. చచ్చిపోయిన తండ్రి వెనకనే నిలబడి వింటున్నట్టు అనిపించింది. అయినా అన్నాడు.

"పోనీ, గొల్ల అనే రాసియ్యుండ్రి సారు. ఏదో ఒకటి."

శ్రీహరి కంప్యూటర్‌లో వెతికి, తెరను అతని వైపు తిప్పాడు. చదవరాదని గుర్తొచ్చి మళ్లీ తనవైపు తిప్పుకున్నాడు.

"నీ కొడుకు పరమేశ్‌కు ఏడేండ్ల కింద కురుమ అని ఇచ్చినం. ఒక్క ఇంట్ల అన్నదొక కులం, చెల్లెదొక కులమా? రేపు నా నౌకరి పోతది."

నిజమే. ఊరి బళ్లో చదివిన పరమేశ్‌కు తెలిసిన పంతులు సరిగ్గా రాశాడు. అప్పుడు సంతోషించిన కాగితమే ఇప్పుడు అడ్డం తిరిగింది. కురుమ కాకుండా పోయి, గొల్ల కూడా కాలేక, శివయ్య ఆ బల్ల ముందు ఊరికే నిలబడ్డాడు. అతని అవస్థ చూడలేక శ్రీహరే మళ్లీ నోరు తెరిచాడు.

"ఒక్కటే తొవ్వ ఉన్నది. మొన్న సోమారం వికారాబాద్ కలెక్టరాఫీసుల అర్జీ ఇచ్చినవు గద. ఊర్ల విచారణ జేసి ఇయ్యొచ్చని దాని మీద రాసిండ్రట. విచారణ కాగితం మాతాన ఉన్నది. వాళ్ల కాగితమే ఇంక రాలే. నువ్వే పోయి కాపీ తెస్తే ఇయ్యాలనే అయితది."

శివయ్య దండం పెట్టి స్టేషన్ వైపు పరుగులాంటి నడక అందుకున్నాడు.

బండిలో తలుపు దగ్గర నిలబడ్డాడు. లోపల ఎవరో కన్నడంలో కందుల ధర మాట్లాడుకుంటున్నారు. ధారూర్ దాటుతుండగా ఫోన్ మోగింది.

"నాయినా, ఇచ్చిండ్రా?"

"ఇస్తుండ్రు బిడ్డా. నువ్వేమన్న తిన్నవా?"

"తింటలే. నువ్వు జల్ది రా."

ఫోన్ జేబులో పెట్టుకున్నాక కూడా ఆ గొంతు చెవిలోనే ఉంది. పోయిన వారం వెనక వీధి సత్యమ్మ ఇంటికి వచ్చింది. ఆమె హైదరాబాదులో ముసలివాళ్లకు, మంచం పట్టినవాళ్లకు సేవ చేసే పనికి పోతుంది, అలాంటి ఇళ్లకు ఆడపిల్లల్ని కూడా కుదురుస్తుంది. నాగరాణిని పంపమంటే శివయ్య ఎన్నడూ లేనిది గట్టిగా అరిచాడు. తన బిడ్డ సూది వేసే పని చేస్తుంది గాని ఎవరి పక్కబట్టలో ఉతకదని చెప్పి పంపించేశాడు. ఆ రాత్రి నాగరాణి కంచాలు కడుగుతూ, సీటు రాకపోతే ఇంట్లో కూచోనని తల్లితో అన్నదట.

వికారాబాద్‌లో ఆఫీసు బయట జీపులు వరసగా నిలబడి ఉన్నాయి. లోపల ఏదో పెద్ద మీటింగు నడుస్తోంది. శివయ్య ఆ జీపుల సందుల్లోంచి తప్పుకుంటూ వెళ్లి మూడు గదులు మారాడు. భోజనాల వేళ కావడంతో గంటన్నర గోడకు ఆనుకుని నిలబడ్డాడు. గోడ మీద తన వీపు పడినంత మేరా రాతిపిండి మరక అయింది. సిగ్గేసి కండువాతో తుడిచాడు, మరక ఇంకా పెద్దదయింది. చివరకు రచన అనే చిన్న ఉద్యోగిని వచ్చి, ఇంత చిన్న పనికా అంత దూరం వచ్చావని నొచ్చుకుంటూ, పది నిమిషాల్లో కాపీ తీసి ముద్ర వేసి ఇచ్చింది. "పోయిరా పెద్దయ్యా, అయిపోతది" అన్నది. శివయ్య కాగితాన్ని చొక్కా లోపల, ఒంటికి తగిలేలా పెట్టుకుని జీపుల పక్కనుంచే బయటికి వచ్చాడు.

నాలుగు కావస్తుండగా మళ్లీ మండలాఫీసులో ఉన్నాడు. శ్రీహరి కాగితం చదివి, ఇంకేమీ అడగకుండా పనిలోకి దిగాడు. ఏవేవో కొట్టాడు, రెండు కాగితాలు స్కాన్ చేశాడు. నాలుగుంబావుకు కుర్చీలో వెనక్కి వాలాడు.

"అయింది శివయ్యా. ఇంక తాసిల్దార్ సార్ సంతకమే."

శివయ్య ముఖం వెలిగిపోయింది. "సార్ లోపలున్నడా?"

"వికారాబాద్ మీటింగ్‌కు పోయిండు."

శివయ్య సార్ గది తలుపు వైపు చూశాడు.

"సంతకం కంప్యూటర్ల పెట్టాలె," శ్రీహరి తల దించుకుని చెప్పాడు. "దానికో తాళంచెవి అసుంటిది ఉంటది, పెన్‌డ్రైవ్ లెక్క. అది సార్ జేబులనే ఉంటది."

"గా జీపుల పక్కపొంటే వచ్చిన సారు నేను."

శ్రీహరి ఫోన్ చేశాడు. ఎత్తలేదు. మళ్లీ చేశాడు. మూడోసారి ఎత్తి, మీటింగులో ఉన్నానని, అయిపోగానే బయలుదేరతానని చెప్పి పెట్టేశారు. అటెండర్ డేవిడ్ గ్లాసుడు నీళ్లు తెచ్చి శివయ్య చేతికిచ్చాడు. శివయ్య వాటిని తాగకుండా పట్టుకుని గోడ గడియారం కింద నిలబడ్డాడు. అతనికి చదువు రాదు గాని గడియారం చూడటం వచ్చు. ఇవాళ అది కూడా రాకపోతే బాగుండేదనిపించింది.

ఐదుకు పది నిమిషాలు ఉందనగా నాగరాణి ఫోన్.

"నాయినా?"

"సార్ లేడు బిడ్డా. వస్తుండు."

అటువైపు నెట్ సెంటర్లో ఎవరో నవ్వుతున్నారు. నాగరాణి ఊపిరి మాత్రం దగ్గరగా వినబడుతోంది. శివయ్య ఆఫీసు బయటికి వచ్చి వేపచెట్టు మొదట్లో గొంతుక్కూచున్నాడు. నలభై రోజులుగా దాచిన మాట ఇక లోపల నిలవలేదు.

"బిడ్డా, పంతులుది తప్పు లేదు. ఏమోళ్లు అంటె గొర్లోళ్లం అని నేనే జెప్పిన. నా నోరే నిన్ను ముంచింది."



"నాకెర్కనే నాయినా," అంది నాగరాణి. "నేను నీ పక్కనే నిలబడ్డ గద ఆ దినం. నీ ఏలు పట్టుకొని ఉన్న."

"మరి చెప్పకపోతివి?"

"ఏం జెప్తా? అబద్ధమా అది? తాతనుంచి మనం గొర్లోళ్లమే గద."

ఐదయిందని గోడ గడియారం చూడకుండానే శివయ్యకు తెలిసింది, ఎందుకంటే నాగరాణి "సరే నాయినా, ఉంట మరి" అని ఫోన్ పెట్టేసింది. నలభై రోజుల్లో ఆ పిల్ల తనంతట తానుగా ముందు ఫోన్ పెట్టేయడం అదే మొదలు. శివయ్య చాలాసేపు అక్కడే కూచుండిపోయాడు. ఏడుపు వస్తుందేమో అనుకున్నాడు, రాలేదు. దగ్గు మాత్రం వచ్చింది.

జీపు ఐదు నలభైకి వచ్చింది. పెద్దసారు దిగీ దిగగానే శ్రీహరి వెంటపడి సంతకం చేయించాడు. ఎవరూ అడ్డు చెప్పలేదు. ఆరింటికి సర్టిఫికెట్ శివయ్య చేతికి వచ్చింది. శ్రీహరి దాన్ని చదివి వినిపించాడు. బిడ్డ పేరు, తండ్రి పేరు, కులం అన్నీ ఒక్క అక్షరం తప్పు లేకుండా ఉన్నాయి.

"పోర్టల్ బందయినట్టే గదా సారు?"

"బందయింది శివయ్యా. ఒక్కోపారి గడువు పెంచుతరు." అలా అన్నాడు గాని శ్రీహరి అతని ముఖంలోకి చూడలేదు.

షేర్ ఆటో దిగి ఇల్లు చేరేసరికి దీపాలు పెట్టారు. భార్య హన్మమ్మ గడపలోనే కూచుని ఉంది. చేతిలో చేట, చేటలో బియ్యం, కాని చెయ్యి కదలడం లేదు.

"బిడ్డేది?"

"పోయింది."

"ఏడికి?"

"సత్యమ్మ ఇయ్యాల పట్నం పోతుండె గద. ఐదు దాటినంక వచ్చి రెండు జతల బట్టలు సంచిల పెట్టుకున్నది. ఆరు గంటల బండికి దాని ఎంట పోయింది." హన్మమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నాయినొచ్చేదాక ఆగరాదే అంటె, నాయిన ముఖం సూస్తె కాళ్లు కదలయే అవ్వా అన్నది."

శివయ్య గడప దాటి లోపలికి వెళ్లాడు. స్టేషన్‌కు పరుగెత్తినా లాభం లేదు. ఆ బండి ఈపాటికి ధారూర్ దాటి, తను మధ్యాహ్నం నిలబడి వచ్చిన దారినే పోతూ ఉంటుంది. పిలిచి ఏమని చెప్పాలి? రమ్మంటే దేనికి రావాలి? పన్నెండేళ్లు చదివించి, చివరకు ఎవరో మంచం పట్టిన మనిషికి మూత్రం ఎత్తడానికి పంపుకున్నాడు. తప్పు ఎవరిదో తేల్చుకుందామన్నా ఎవరూ దొరకలేదు. పంతులూ మంచివాడే, శ్రీహరీ మంచివాడే, పది నిమిషాల్లో కాపీ ఇచ్చిన ఆ పిల్ల అయితే మరీ మంచిది.

చొక్కా లోపలి నుంచి సర్టిఫికెట్ తీసి, మడత పడకుండా పెట్టాలని అలమారు తలుపు తెరిచాడు. నాగరాణి పుస్తకాలన్నీ పై అరలో ఎత్తు వారీగా పేర్చి ఉన్నాయి. కింది అర ఖాళీ. దాని మూలన దరఖాస్తు కోసం తీయించిన ఫోటోల కాగితం ఒక్కటే మిగిలింది. ఎనిమిదింటిలో రెండు కత్తిరించి వాడారు. తక్కిన ఆరు చదరాల్లో, నవ్వొద్దని ఫోటో అతను చెప్పినందుకు పెదాలు బిగపట్టుకుని, ఆరుసార్లూ ఎదురుగానే చూస్తోంది నాగరాణి.