చెయ్యెత్తిన మనిషి

"తిని పోతవా, కట్టియ్యాల్నా? ఒక్క మాట చెప్పు," అని గాలయ్యను భార్య ఐలమ్మ అప్పటికి మూడోసారి అడిగింది.

"కట్టియ్యకు. యాడ ఆపి తినాలె?"

"మూడు దినాలాయె, కట్టిచ్చిన రొట్టెలు కట్టిచ్చినట్టే వాపస్ వస్తున్నయ్. లారీకి జూపెట్టి తెస్తున్నవా?"

"ఆపకు కొడుకా," అంది పొయ్యి దగ్గర నుంచి తల్లి దుర్గమ్మ. "ఒక్క పూట తినకుంటె ఎవ్వడు సావడు. ఆపితే సస్తడు."

గాలయ్య నిలబడే నాలుగు ముక్కలు మింగి వానలోకి వెళ్లాడు. నలభై రెండేళ్ల మనిషి. స్టీరింగు తిప్పీ తిప్పీ కుడి భుజం కొంచెం కిందికి వాలింది. మెదక్ నుంచి పాపన్నపేట వైపు ఊళ్లకు ఖాళీ లారీ తోలుకుపోయి, సర్కారు రైతుల దగ్గర వసూలు చేసే లెవీ వడ్లు తెచ్చి గోదాములో దింపడం అతని పని. తొమ్మిదేళ్లుగా అదే దారి. ఈ ఏడు మాత్రం లెవీ ఇవ్వొద్దంటున్న రైతు సంఘం వాళ్లకు లెవీ లారీ అంటే పగ. నిజాం వైపు రజాకార్లు ఆపితే పైకెక్కి తమకు కావలసిన చోటికల్లా తిప్పుకుంటారు. అందుకని డ్రైవర్లంతా ఒక కట్టుబాటు పెట్టుకున్నారు. ఎవరు చెయ్యెత్తినా ఆపకూడదు, ఇంకాస్త తొక్కాలి. క్లీనరు భయపడి పది రోజుల కిందటే పని మానేశాడు.

అయిదు మైళ్లు పోయాక రోడ్డు నడిమధ్య ఒక మనిషి కనిపించాడు. రెండు చేతులూ ఎత్తి ఊపుతున్నాడు. గట్ల వెనక ఇంకెంతమంది ఉన్నారో! హారను కొట్టాడు. మనిషి తప్పుకోలేదు సరికదా, ఎదురు పరుగెత్తుకొచ్చాడు. గాలయ్య తొక్కాడు. చివరి క్షణంలో స్టీరింగు తిప్పాడు గానీ అరిగిన టైర్లు బురదలో మాట వినలేదు. ఎడమ పక్క ఏదో మెత్తగా తగిలింది. వెనక్కి చూడకుండా తొక్కుతూనే ఉన్నాడు.

ఫర్లాంగు దూరంలో వాగు మీది మోరి లేదు. వరదకు కొట్టుకుపోయిందో, ఎవరైనా తవ్వారో, రోడ్డు రెండు ముక్కలై మధ్యలో ఎర్రనీళ్లు ఉరుకుతున్నాయి. రెండు కాళ్లూ బ్రేకు మీద వేసి నిలబడితే గజం దూరంలో లారీ ఆగింది.

ఆ మనిషి ఎందుకు చేతులెత్తాడో అప్పుడు తెలిసింది.

రివర్సులో వెనక్కి వచ్చాడు. గట్టు కింద పడి ఉన్నాడు, యాభై దాటిన బక్క మనిషి. ఎత్తుకుంటే బరువే లేదు. సీటు మీద పడుకోబెట్టి లారీ మళ్లించాడు.

"మోరి తెగిందే... చెప్దామని ఉరికొచ్చిన," అన్నాడు ఆ మనిషి, ఏదో తప్పు చేసినవాడిలా.

"మాట్లాడకు కాకా."

"పాపన్నపేట నాది. నర్సింగం అంటరు. ఇంట్ల జర చెప్పు."

మెదక్ దవాఖానలో నర్సు ఎలిశిబా, "ఎవరు గుద్దిండ్రు?" అని అడిగింది.

"తెల్వదమ్మా. తొవ్వల పడున్నడు."

ఆ మాట ఎలా వచ్చిందో, నోట్లోంచి దానంతటదే వచ్చింది. మధ్యాహ్నం గంట కొట్టకముందే నర్సింగం కన్నుమూశాడు. ఎలిశిబా అతని గొంగడి మడిచి తెచ్చింది.

"పాపన్నపేటోడన్నవు గద, వాళ్లోళ్లకియ్యి. రేపు పొద్దూకేదాక సూస్తం, ఎవ్వరు రాకుంటె మేమే మట్టి జేస్తం. గీ దినాలల్ల లారీ ఆపి ఎవరు ఎత్తుకొస్తరయ్యా? దేవుడు నిన్ను సల్లగ సూస్తడు."

గాలయ్య తల ఎత్తకుండా గొంగడి అందుకున్నాడు.

దీపం పెట్టే వేళ ఇంట్లో అందరూ పొయ్యి చుట్టూ కూర్చున్నారు. కంచంలో రొట్టె ఆరిపోతోంది.

"ఎవలదే నాయినా, గీ గొంగడి?" అని అడిగింది కూతురు కిష్టవ్వ.

అతను చెప్పాడు. ఒక్కటీ దాచలేదు. దుర్గమ్మ లేచి వెళ్లి తలుపు గొళ్లెం పెట్టింది.

"ఎవ్వరు సూడలె గదా? నోరు మూస్కో. సంఘపోళ్ల ఊరది. లెవీ లారీ నడిపేటోడు ఒంటిగ దొరికితే పానంతోని ఇడుస్తరా?"

"ఆళ్లింటామె ఇంక ఎదురు సూస్తుండొచ్చు," అంది ఐలమ్మ మెల్లగా. అని తన మాటకు తనే భయపడి పైటకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

గాలయ్య గొంగడి తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

"పొద్దుగాల పాపన్నపేటకు నడుసుకుంట పోత," అన్నాడు. "నేనే గుద్దిన అని చెప్త."

గొంగడి కొసకు నర్సింగం ఏదో ముడి వేసుకున్నాడు. దాన్ని విప్పి చూడడానికి ఆ ఇంట్లో ఎవరికీ చెయ్యి రాలేదు.