పరిగెత్తినవాళ్ళు ఔట్

దెజోకి కూతురు జానెత అంటే ప్రాణం. ఆ ప్రేమతోనే ఒక పెద్ద అబద్ధం అల్లి పిల్లకి నేర్పించాడు, దానికి ఆట అని పేరు పెట్టాడు.

ఆట కొట్లో ఆడేది. గుమ్మం దాటగానే చేతులు జేబుల్లోంచి బయటికి రావాలి. ఒక్క గసగసాల బన్ను కొన్నా సరే బుట్ట పట్టుకునే తిరగాలి. కొననిది ముట్టుకోకూడదు. బిల్లు ఇంటికి చేరేదాకా చేతిలోనే ఉండాలి. ఎవరైనా కేకేస్తే ఎక్కడివాళ్ళక్కడ బొమ్మలా నిలబడి అరచేతులు చాపాలి. పరిగెత్తినవాళ్ళు ఔట్. గెలిస్తే బన్నులో పెద్ద ముక్క. జానెత ఎప్పుడూ గెలిచేది.

"ఎనిమిదేళ్ళొచ్చాయి దానికి, ఇంకెన్నాళ్ళు ఆడిస్తావయ్యా ఈ ఆట?" అని సణిగేది భార్య మార్గిత. "మనం రోమాలమనీ, ఊళ్ళోవాళ్ళు జిప్సీలని పిలిచేది మననేననీ, మన నల్లమొహం కనబడితే చాలు ఈ తెల్లోళ్ళు, గాజోలు, పర్సులు తడుముకుంటారనీ చెప్పెయ్యి. నువ్వు చెప్పకపోతే వీధిలో ఏ తెల్లోడో చెప్తాడు."

"చెప్తాలే."

"ఎప్పుడు? దాని పెళ్ళిలోనా?"

దెజోకి వాళ్ళ నాన్న ఆ సంగతి ఆరేళ్ళప్పుడే చెప్పాడు, బెల్టుతో. అప్పటినుంచి అతను ఏ కొట్లోకీ మనిషిలా నడిచి వెళ్ళింది లేదు. ఏమీ తియ్యకుండానే దొంగలా వెళ్ళాడు, దొంగలా బయటికొచ్చాడు. తన కూతురు ఇంకొన్నాళ్ళు మామూలు పిల్లలా తిరగాలని అతని ఆశ. అదేమంత గొంతెమ్మ కోరిక కాదు. ఈ ఊళ్ళో మాత్రం అదే ఎక్కువ.

ఒక నవంబరు మధ్యాహ్నం దెజో చర్చి ముందు బాటకి రాళ్ళు పరుస్తుంటే వదిన ఓల్గా రొప్పుకుంటూ వచ్చింది.

"దెజో! పిల్లని కొట్లో పట్టుకున్నారయ్యా. బడి వదలగానే ఆ లీవియాతో కలిసి వెళ్ళిందట."

లీవియా మందుల షాపావిడ కూతురు, బళ్ళో జానెత పక్కనే కూర్చునే గాజో పిల్ల. దెజో సుత్తి అక్కడే పడేసి బయల్దేరాడు. పరిగెత్తలేదు. రోమావాడు బజార్లో పరిగెడితే ఏం ఎత్తుకుని పోతున్నాడోనని అందరూ చూస్తారు, పోలీసు ఆపుతాడు. కూతురు కొట్లో చిక్కుకున్నా సరే, తండ్రి నడిచే వెళ్ళాలి. ఏం బతుకులో!

కొట్టు గుమ్మం పక్కన, తడిగుడ్డ బకెట్టు దగ్గర నిలబడి ఉంది జానెత. అరచేతులు చాపి ఉంది. ఒక చేతిలో బన్ను బిల్లు. ఎంతసేపటినుంచి అలా ఉందో, మోచేతులు వణుకుతున్నాయి.

కాపలా కుర్రాడికి పాతికేళ్ళు కూడా ఉండవు. "నీ కూతురేనా ఇది? చాక్లెట్లు పోయాయి. ఆగమని కేకేస్తే ఒకత్తి పారిపోయింది, ఇది దొరికింది."

"దీని దగ్గర ఏమన్నా దొరికాయా అయ్యా?"

"ఇంకా దీని దగ్గరుంటాయా? దాని చేతిలో పెట్టి పంపించేసి ఉంటుంది. మందుల షాపావిడ కూతురికి దొంగతనం నేర్పిందెవరు మరి? మీవాళ్ళేగా."

వరసలో నిలబడ్డ ఒకావిడ సంచీని ఇటు భుజం మీంచి అటు భుజానికి మార్చుకుంది.

దెజోకి వాడి చొక్కా పట్టుకుని గోడకేసి కొట్టాలనిపించింది. రాళ్ళు మోసే చేతులు, కొట్టగలడు కూడా. ఆ తర్వాత పోలీసులొస్తారు. పిల్ల పేరు బడి దాకా వెళ్తుంది. ఊరి బడిలోంచి తీసేసి, తాము ఉండే పేట పక్కన రోమా పిల్లల కోసం కట్టిన రేకుల గదుల్లో పడేస్తారు. అక్కడ మూడేళ్ళు చదివినా అక్షరాలే దిద్దిస్తారు. దెజో టోపీ తీశాడు. రెండు అరచేతులూ చాపాడు.

"తప్పయిపోయిందయ్యా. చిన్నపిల్ల. ఇంకెప్పుడూ చెయ్యదు. ఆ చాక్లెట్ల డబ్బు నేనిస్తాను."

నాన్న కూడా ఆట మొదలుపెట్టాడనుకుని జానెత నవ్వబోయింది. అంతలో అతని గడ్డం వణకడం చూసింది. ఆ నవ్వు అక్కడే ఆగిపోయింది.

"పో, పో. మళ్ళీ ఈ గుమ్మం తొక్కారంటే చూడు," అన్నాడు కుర్రాడు.

బయట సన్నగా మంచు పడుతోంది.

"నాన్నా, నేను సరిగ్గానే ఆడాను. కదల్లేదు. లీవియా పరిగెత్తింది. మరి నేనెలా ఔటయ్యాను?"

ఇక దాచేదేముంది. వంతెన దగ్గర ఆగి, పిల్ల ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. "అది ఆట కాదు తల్లీ. మనం రోమాలం. మనల్ని చూడగానే వీళ్ళకి దొంగలే కనబడతారు. మనం ఏం చేసినా, చెయ్యకపోయినా. నీకేమీ కాకూడదని అలా నేర్పాను."

"లీవియాకి వాళ్ళ నాన్న నేర్పలేదా?"

"దానికి అక్కర్లేదు."

"నేను తీశానని అనుకున్నావా నువ్వు?"

"లేదమ్మా. ఒట్టు. నువ్వు తియ్యలేదని నాకు తెలుసు."

"మరి తప్పయిందన్నావేం?"

బడి, పోలీసులు, రేకుల గదులు, అన్నీ నాలిక చివరిదాకా వచ్చాయి. ఒక్కటీ బయటికి రాలేదు. ఆ కుర్రాడు అన్నది మహా అయితే రెండు రోజుల్లో మర్చిపోయేది పిల్ల. తను అన్నది మర్చిపోదు. అది తెలిసి దెజోకి ఏడుపొచ్చింది, ఏడవలేదు.

లేచి, మళ్ళీ నడిచారు. దారిలో మనిషన్నవాడు లేడు, కొట్టూ లేదు, రెండు వైపులా బీడే. జానెత అరచేతులు చాపుకునే నడుస్తోంది. వేళ్ళ మీద మంచు పడి కరుగుతోంది.

"చలి తల్లీ, చేతులు జేబులో పెట్టుకో."

వినలేదు.

"పోనీ నా చెయ్యి పట్టుకో. ఇక్కడెవరూ లేరు."

చాపిన అతని చెయ్యి వంక చూసింది పిల్ల. బిల్లు ఇంకా దాని చేతిలోనే ఉంది, తడిసి ముద్దయిపోయి.

"వద్దు నాన్నా," అంది. "చేతులు కనబడాలి కదా."